రైలు దిగి, రేవు దాటి... కొల్లేటి చుట్టూ సైకిల్

పటం పరిచి చూడండి. విజయవాడలో బయల్దేరిన మెయిన్ లైను ఏలూరు, దెందులూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం మీదుగా నిడదవోలు చేరుతుంది. అదే విజయవాడ నుంచి ఇంకో లైను గుడివాడ, కైకలూరు, ఆకివీడు, ఉండి మీదుగా భీమవరం వెళ్తుంది. భీమవరం నుంచి తణుకు మీదుగా మళ్లీ నిడదవోలుకే. గొలుసు కొక్కెం పడింది. నడుమ కొల్లేరు. భీమవరం దగ్గర విడిపోయి పాలకొల్లు మీదుగా నరసాపురం దాకా దిగిన చిన్న లైను ఆ గొలుసుకు వేలాడే పతకం. పట్టాలు అక్కడితో సరి. ఎదురుగా వశిష్ఠ గోదావరి. అవతలి గట్టు సఖినేటిపల్లికి పోవాలంటే పంటు ఎక్కాలి.

సైకిల్ మీద దూరం పోవాలనుకునేవాళ్లకు ఇంతకంటే అనువైన నేల మన రాష్ట్రంలో ఇంకోటి ఉందని నేను అనుకోను. ఎత్తుపల్లాలు లేవు. ఊరూరికీ మధ్య పెద్ద దూరం లేదు. ఏ మూల కాళ్లు మొరాయించినా ఒక్క పూటలో ఏదో ఒక రైల్వే స్టేషన్ చేరొచ్చు. అయినా ఇటు సైకిల్ యాత్రలకు వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లలోనూ చాలామంది హైవే పట్టుకుని, లారీల పక్కన బిక్కుబిక్కుమంటూ తొక్కి, కొల్లేటిని చూడకుండానే వెళ్లిపోతారు.

సైకిల్ యాత్ర అనగానే మనవాళ్లు ముందు కిలోమీటర్లు లెక్కేస్తారు. విజయవాడ నుంచి ఏలూరు 60 కిలోమీటర్లు, అక్కణ్నుంచి తాడేపల్లిగూడెం ఇంకో యాభై దాకా... ఇలా కలుపుకుంటూ పోతారు. పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఆ దూరం తొక్కితే చేతికొచ్చేది దుమ్మూ హారన్ల మోతే. ఆ పని రైలుకు వదిలేయండి. ఏటికి అడ్డం పడాల్సిన చోట పడవకు వదిలేయండి. రైలూ పడవా పోలేని చోటు మాత్రమే సైకిల్‌ది. లంక గ్రామాల మధ్య గట్లు, కాలవ పక్క దారులు, చేపల చెరువుల నడుమ సన్నటి తారు రోడ్లు దాని రాజ్యం. ఈ మూడింటికీ ఎవరి పని వాళ్లకు అప్పజెప్పడమే ప్లానింగ్.

ముందు నీళ్లను అడగాలి

కొల్లేటి యాత్రకు తేదీ ఖాయం చేసేది మన ఆఫీసు సెలవులు కావు, నీళ్లు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి ఏర్లూ, రెండు డెల్టాల మురుగు కాలవలూ మోసుకొచ్చే నీరంతా కొల్లేట్లో దిగుతుంది. బయటికి పోవడానికి దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది దాదాపు 60 కిలోమీటర్లు వంకర్లు తిరుగుతూ పోయి సముద్రంలో కలుస్తుంది. వచ్చే దారులు బోలెడు, పోయే దారి ఒక్కటి. అందుకే పైన ఎక్కడో కురిసిన వానకు ఇక్కడ రోజుల తర్వాత రోడ్డు మునుగుతుంది. వాన వెలిసి, ఎండ కాస్తూ, ఆకాశం తేటగా ఉన్న రోజున కూడా ఏలూరు–కైకలూరు దారి మీద నడుం లోతు నీళ్లు ఉండొచ్చు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది అందరికీ గుర్తే. టీవీ కెమెరాలు విజయవాడ నుంచి వెళ్లిపోయాక ఆ నీళ్లు ఎటు పోయాయి? కొల్లేటికే. లంక గ్రామాల్లో ఇళ్ల ముంగిళ్లలోకి చేరాయి. శ్రీపర్రు, చినఎడ్లగాడి దగ్గర రోడ్డు మీదికెక్కి రాకపోకలు ఆపేశాయి. వరద రోజుల్లో పెదఎడ్లగాడి వంతెన దగ్గర నీటిమట్టం ఎంతుందో ఇక్కడి పేపర్ల జిల్లా పేజీల్లో వస్తుంది. సైకిల్ యాత్రికుడు చదవాల్సిన వాతావరణ సూచన అదే. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఈ దారి పెట్టుకోకండి. అవే నెలల్లో గోదావరికి కూడా వరదొస్తుంది, నరసాపురం రేవులో పంటు కట్టేస్తారు. రెండు చోట్లా దారి ఒకేసారి మూసుకుపోయే కాలం అది.

నవంబరు సగం దాటాక నేల గట్టిపడుతుంది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి ఈ నేలకు పెళ్లి నెలలు. కొల్లేటి మీద పక్షులుంటాయి, చేలల్లో కోతలో దాళ్వా నాట్లో సాగుతుంటాయి, ఎండ మెత్తగా ఉంటుంది. మార్చి నుంచి కొల్లేరు తరిగిపోతూ వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నీడ లేని గట్ల మీద సైకిల్ తొక్కమని ఎవరికీ చెప్పలేను.

రెండు పండగల తిథులు మాత్రం క్యాలెండర్లో గుర్తు పెట్టుకోవాలి. మాఘ శుద్ధ ఏకాదశికి, అంటే భీష్మ ఏకాదశికి, అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథోత్సవం. ఆ నాలుగు రోజులూ సఖినేటిపల్లి పంటు మీద కాలు పెట్టే సందు ఉండదు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. జనంలో జనంగా కలవాలంటే ఆ రోజుల్లోనే రండి. ప్రశాంతంగా తొక్కాలంటే ఆ రోజులు తప్పించండి.

పార్సిలు ఆఫీసు గుమ్మం

ఇప్పుడు అసలు చిక్కు. సైకిల్‌ను రైలెక్కించడం.

మన రైల్వే దృష్టిలో సైకిల్ సామాను కూడా కాదు, దాదాపు సరుకు. టికెట్‌తో పాటు ఉచితంగా తీసుకెళ్లనిచ్చే బరువు సైకిల్‌కు వర్తించదు. బోగీలోకి తెచ్చుకోగలిగే పెట్టె కొలత 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు. అంతకు మించితే బ్రేక్ వ్యాన్‌లో వేయాల్సిందే. మీ టికెట్ చూపించి, పార్సిలు ఆఫీసులో ఫారం నింపి, డబ్బు కట్టి, రసీదు తీసుకోవాలి. రైలు బయల్దేరడానికి కనీసం అరగంట ముందు సైకిల్ అక్కడ ఉండాలి. గంటన్నర ముందు వెళ్లడం నయం.

పార్సిలు ఆఫీసులో పనిచేసేవాళ్లు చెడ్డవాళ్లు కారు. రోజూ చూసేది కట్టలు కట్టిన మోటారు సైకిళ్లూ, రొయ్య పిల్లల పెట్టెలూ, అట్టపెట్టెలూ. మధ్యలో హెల్మెట్ పెట్టుకున్న మనిషి సైకిల్‌ను కన్నబిడ్డలా పట్టుకుని నిలబడితే వాళ్లకూ తికమకే. మీ వైపు పని మీరు పూర్తిచేసుకుని వెళ్లండి. పెడళ్లు విప్పి సంచిలో వేసుకోండి. లైటూ, పంపూ, నీళ్ల సీసా తీసేయండి. హ్యాండిల్‌ను ఫ్రేముకు సమంగా తిప్పి కట్టండి. గేర్లు ఉన్న సైకిలైతే వెనక చక్రం దగ్గరి డిరైలర్‌కు అట్టముక్క చుట్టి గోనెపట్టాతో కుట్టించండి. ముందూ వెనకా రెండు అట్టల మీద మీ పేరూ, ఎక్కిన స్టేషనూ, దిగే స్టేషనూ రాసి కట్టండి. స్టేషన్ల సంక్షిప్త అక్షరాలు కూడా రాస్తే కూలీలకు తేలిక. ఏలూరుకు ఈఈ, తాడేపల్లిగూడేనికి టీడీడీ, భీమవరం టౌనుకు బీవీఆర్‌టీ, నరసాపురానికి ఎన్‌ఎస్. భీమవరంలో టౌనూ జంక్షనూ రెండు వేరు వేరు స్టేషన్లు. మీ రైలు దేంట్లో ఆగుతుందో చూసుకోకుండా రసీదు రాయించకండి.

ఇంకో ఇబ్బంది. ఏలూరులోనూ గూడెంలోనూ ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు నిమిషం రెండు నిమిషాలే ఆగుతాయి. అంతలో బ్రేక్ వ్యాన్ తలుపు తీయించి సైకిల్ దింపించడం గగనం. ఏ బండిలో దించుతారో, ఏ బండిలో ఎక్కించుకుంటారో పార్సిలు ఆఫీసులో ముందురోజే కనుక్కోవాలి. హైదరాబాదు, విశాఖ, చెన్నైల నుంచి వచ్చేవాళ్లకు నా సలహా ఒకటే. సైకిల్‌ను రైళ్లు ఎక్కువసేపు ఆగే విజయవాడ దాకా బుక్ చేసుకోండి. అక్కడ దించుకుని, విప్పినవన్నీ బిగించుకుని, గొలుసులో ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో అప్పుడు తేల్చుకోండి.

చిన్న చక్రాల మడత సైకిల్ ఉన్నవాళ్లది వేరే లోకం. మడిచి సంచిలో వేస్తే ఆ కొలతలకు దగ్గరగా వస్తుంది, సీటు కింద కాకపోయినా తలుపు దగ్గర ఒదిగిపోతుంది. జపాన్‌లో అయితే ఇదొక సంప్రదాయమే. చక్రాలు విప్పి, సైకిల్ మొత్తాన్ని సంచిలో కట్టుకుని ఎవరైనా రైలెక్కొచ్చు, రుసుం లేదు. ఆ పద్ధతిని వాళ్లు రింకో అంటారు. అందుకోసమే కుట్టిన సంచులు సైకిల్ షాపుల్లో దొరుకుతాయి. అక్కడ పల్లెటూరి స్టేషన్ల బయట, చెట్టు కింద కూర్చుని చక్రాలు బిగించుకునే ముసలివాళ్లు కూడా కనిపిస్తారట. మన ఆకివీడు స్టేషన్ బయట కూడా అలాంటి చెట్టు నీడ ఉంది.

ఇవేవీ వద్దనుకుంటే మూడో దారి కూడా ఉంది, దాన్ని చిన్నచూపు చూడకండి. ఏలూరులోనో గూడెంలోనో చుట్టమో స్నేహితుడో ఉంటే, వాళ్లింట్లో గోడకు ఆనించి ఉన్న నల్ల సైకిల్ అడిగి పుచ్చుకోండి. బరువే, కానీ దాని ట్యూబు ఏ లంకలోనైనా దొరుకుతుంది. ఇక్కడ పంక్చరు వేసే మనిషి లేని ఊరు లేదు. సన్నటి ఫ్రెంచ్ వాల్వులూ, 29 అంగుళాల టైర్లూ ఉన్న ఖరీదైన సైకిల్ తెచ్చారో, మీ ట్యూబులు మీరే మోసుకురావాలి.

లంకల నడుమ

ఏలూరులో పొద్దున్నే దిగి, టిఫిను చేసి, తమ్మిలేరు దాటి కైకలూరు దారి పట్టండి. ముప్ఫై కిలోమీటర్లకు అటూ ఇటూ. పొద్దున తొమ్మిదిలోపు సగం దాటేయాలి. ఎండ కోసం కాదు, లారీల కోసం. చేపల లారీలు వేళ మీద కదులుతాయి. ఐసు కరిగిన నీళ్లు లారీ వెనక ధారగా కారుతూ పోతాయి, ఆ తడి రోడ్డు మీద జారుడు పాకంలా ఉంటుంది. మలుపు దగ్గర బ్రేకు గట్టిగా నొక్కకండి. లారీ ఎదురొస్తే పరువు కోసం చూడకుండా దిగి గట్టున నిలబడండి.

ఇక్కడ నేల ఎక్కడ ఆగిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో కొత్తవాళ్లకు తేల్చుకోవడం కష్టం. కుడి ఎడమలా కనిపించే నీళ్లలో ఎక్కువ భాగం చేపల చెరువులు. బొచ్చె, శీలావతి పెంచుతారు. గట్ల మీద మేత బస్తాలు, తాటాకు కాపలా పాకలు, చెరువు మీద తీగలు లాగి కట్టిన రంగు రిబ్బన్లు, కొంగలు దిగకుండా. అసలు కొల్లేరు వీటి వెనకెక్కడో ఉంటుంది. సముద్రమట్టానికి ఐదడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2005–06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో లోపలి చెరువుల గట్లను పగలగొట్టారు. ఆ గాయం రెండు వైపులా మానలేదు. చెరువు పోగొట్టుకున్న ఇంటివాళ్లు ఒక కథ చెబుతారు, వేట మీద బతికే పడవవాళ్లు ఇంకో కథ చెబుతారు. కారులో పోయేవాళ్లకు ఈ రెండూ వినపడవు. సైకిల్ ఆపి టీ తాగేవాళ్లకు రెండూ వినపడతాయి. రెండూ వినండి.

కొల్లేటి లోపల 46 ఊళ్లు, అంచున 76 ఊళ్లు అని లెక్క చెబుతారు. గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక, ఆగడాలలంక, పెనుమాకలంక. పేర్లే చెబుతాయి, ఒకప్పుడు ఇవన్నీ నీళ్ల మధ్య దిబ్బలని. అప్పట్లో బడికి, ఆసుపత్రికి, పెళ్లికి, చావుకి కూడా పడవే. తాటిమాను తొలిచి చేసిన దోనెలు ఇప్పటికీ కనిపిస్తాయి. రెండు దోనెలు పక్కపక్కన కట్టి, గెడ వేసుకుంటూ, వలలు సర్దుకుంటూ పోయే మనుషులు పొద్దున్నే కనిపిస్తారు. దోనె మీద సైకిల్ ఎక్కించమని అడగకండి. ఎక్కిస్తారు కూడా, అదే ఇబ్బంది. నీళ్లల్లో తలకిందులైతే వాళ్లకు ఈత వచ్చు, మీ సైకిల్‌కు రాదు.

కైకలూరు చేరేముందు ఆటపాక. సైకిల్‌ను చెట్టుకు తాళం వేసి ఒక పూట ఇక్కడే గడపండి. గూడబాతులకు పొదగడానికి చెట్లు చాలక అటవీ శాఖవాళ్లు నీళ్లల్లో ఇనుప స్టాండ్లు పాతారు. వాటి మీద అంతస్తులు అంతస్తులుగా గూళ్లు. దగ్గరికి పడవలో తీసుకెళ్తారు. ఒక గూడబాతు దూరం నుంచి తిరిగొచ్చి స్టాండు మీద దిగడం గమనించండి. రెక్కలు పూర్తిగా చాపి, కాళ్లు ముందుకు తోసి, తన బరువును తానే నమ్మలేనట్టు ఒక్క క్షణం తూలి నిలబడుతుంది. పిల్ల తల్లి నోటి సంచిలోకి తల మొత్తం దూర్చి చేపను లాక్కుంటుంది. తల్లి మెడ వంచి, ఓపిగ్గా అలా నిలబడే ఉంటుంది. ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్లకొంగలు కూడా ఇక్కడే. మంచి వేళ పొద్దున ఏడు లోపు, లేదా సాయంత్రం నాలుగు తర్వాత. అందుకే మొదటి రాత్రి కైకలూరులో ఉండేలా చూసుకోండి. లాడ్జీలు మామూలువే, కానీ భోజనం మామూలుది కాదు. బొమ్మిడాయిల పులుసు ఉందేమో అడగండి.

ఆకివీడు దగ్గర నిర్ణయం

కైకలూరు నుంచి ఆకివీడు ఇరవై కిలోమీటర్లు. పామర్రు–దిగమర్రు జాతీయ రహదారి, రద్దీ ఎక్కువ. ఈ ఒక్క ముక్క నచ్చకపోతే రైలు పట్టాలు పక్కనే ఉన్నాయి. ఉప్పుటేరు వంతెన మీద మాత్రం ఆగి చూడండి. కొల్లేటి నీళ్లన్నీ సముద్రానికి పోయేది ఈ ఏటి గుండానే. వెడల్పు చూశాక, వరద ఎందుకు నిలిచిపోతుందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఆకివీడులో దారి రెండుగా చీలుతుంది. సెలవు తక్కువున్నవాళ్లు ఎడమకు తిరిగి గణపవరం మీదుగా తాడేపల్లిగూడెం పోవచ్చు. గణపవరం దగ్గర నిడమర్రు వైపు పక్కదారి పడితే కొల్లేటి తూర్పు అంచు కూడా చూసినట్టే. గూడెంలో ఉల్లిపాయల మార్కెట్ వాసన తగిలిందంటే రైల్వే స్టేషన్ దగ్గర పడ్డట్టు. అక్కడ రైలెక్కితే గంటలోపు ఏలూరు. రెండు రోజుల యాత్ర, చుట్టు పూర్తి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఈ దారే.

కాళ్లలో ఇంకా సత్తువ ఉన్నవాళ్లు నేరుగా భీమవరం, అక్కణ్నుంచి పాలకొల్లు, నరసాపురం. ఇక్కడ కొండలు లేవు కానీ గాలి ఉంది. డెల్టాలో ఎదురుగాలే ఎత్తు. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. కాబట్టి సముద్రం వైపు పోయే ప్రయాణం పొద్దున పెట్టుకోండి, తిరుగు ప్రయాణం మధ్యాహ్నం. ఈ ఒక్కటి పాటిస్తే సగం అలసట తగ్గుతుంది.

వీలైన చోటల్లా రోడ్డు వదిలి కాలవ గట్టు పట్టండి. గట్లు అంత సమంగా, తెగకుండా ఎందుకున్నాయో తెలిస్తే తొక్కేటప్పుడు ఇంకో రుచి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. ఆ కాలవలు పొలాలకు నీళ్లు పెట్టడానికే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వినవి. రైళ్ల కంటే నీటి దారులే ఈ దేశానికి చవక అని ఆర్థర్ కాటన్ బతికినన్నాళ్లూ వాదించాడు. గోదావరి నుంచి వచ్చే కాలవా, కృష్ణ నుంచి వచ్చే కాలవా ఏలూరులోనే కలుస్తాయి. ఈ ఊరి మీదుగా రాదారి పడవలు రెండు నదుల మధ్యా తిరిగేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవ లాగేవారు. మీ సైకిల్ చక్రం పోతున్నది వాళ్లు నడిచిన బాట మీద. 1890ల్లో రైలు వచ్చి, 1900లో గోదావరి మీద వంతెన కట్టాక పడవలకు పని తగ్గుతూ పోయింది. లాకులు మిగిలాయి.

రేవులో

నరసాపురం అంచున మాధవాయిపాలెం రేవు. రెండు పెద్ద పడవలను కలిపి, పైన బల్లలు పరిచి, పక్కన ఇంజను బిగిస్తే పంటు. కారు ఎక్కుతుంది, మోటారు సైకిళ్లు ఎక్కుతాయి, గడ్డిమోపు ఎక్కుతుంది, పెళ్లివాళ్లు ఎక్కుతారు. రేవు దిగే వాలు నున్నగా, బురదగా ఉంటుంది. సైకిల్ దిగి, రెండు బ్రేకులూ పట్టుకుని, వెనక చక్రం మీద బరువు వేస్తూ దించాలి. గట్టుకూ పంటుకూ మధ్య వేసిన బల్ల కదులుతుంది. సైకిల్‌కు ఎంతని అడగబోతే టికెట్లు చింపే కుర్రాడు వినిపించుకోలేదు. “ముందు ఎక్కండి బాబూ, ఇప్పేత్తన్నారు” అంటూ ముందు చక్రం తనే పట్టుకుని లాగేశాడు. ఒక పెద్దాయన తన పాలక్యాను పక్కకు జరిపి, “ఇక్కడ ఆనించండి, పడదు. ఆయ్” అన్నాడు.

అంతే. ఫారం లేదు, రసీదుకు మూడు కాపీలు లేవు, గోనెపట్టా లేదు. పంటు మీద సైకిల్ మనిషితో పాటు వచ్చిన వస్తువు. ఈ ఊళ్లలో సైకిల్ లేకుండా మనిషి ఎక్కడికీ పోని రోజుల్లో పుట్టిన మర్యాద అది, ఇప్పటికీ పోలేదు. నది మధ్యకు వచ్చాక ఇంజను మోత ఉన్నా మాటలు ఆగిపోతాయి. అందరూ కిందికి, సముద్రం వైపు చూస్తారు.

సఖినేటిపల్లి నుంచి అంతర్వేది చదునైన రోడ్డు, రెండు వైపులా కొబ్బరి తోటలు. గుడి, దీపస్తంభం, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు. సత్రాల్లో రాత్రి ఉండొచ్చు. తిరుగు పంటు ఆఖరిది ఎన్నింటికో దిగేటప్పుడే అడిగి తెలుసుకోండి. దాటిపోతే రోడ్డున చించినాడ వంతెన దాకా పోయి చుట్టి రావాలి, చీకట్లో అది మంచిది కాదు.

ఇక్కడ వంతెన కావాలని రెండు గట్లవాళ్లూ దశాబ్దాలుగా అడుగుతున్నారు. అర్ధరాత్రి నొప్పులు మొదలైన ఆడకూతురికి పంటు దొరకదు. వరద రోజుల్లో కాలేజీ పిల్లలకు పరీక్ష దాటిపోతుంది. నాలాంటివాడికి పంటు ముచ్చట కావచ్చు, వాళ్లకు అది గత్యంతరం లేని దారి. వంతెన రావాలి, తొందరగా రావాలి. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా రైలు మార్గం పని కూడా సాగుతోంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయల మీదా వంతెనలు కడుతున్నారు. కాకినాడ–కోటిపల్లి పట్టాలది కూడా చిత్రమైన చరిత్రే. 1928లో వేశారు, రెండో ప్రపంచ యుద్ధంలో పీకేశారు, మళ్లీ వేసేసరికి 2004. ఆ మిగిలిన ముక్క పూర్తయిన రోజున నరసాపురం చివరి స్టేషన్ కాదు, కోనసీమ మీదుగా కాకినాడ దాకా పట్టాలు కలుస్తాయి. అప్పటిదాకా ఓపికున్నవాళ్లు అంతర్వేది నుంచి రాజోలు, అమలాపురం మీదుగా ముక్తేశ్వరం పోయి, అక్కడ ఇంకో పంటు ఎక్కి కోటిపల్లిలో దిగొచ్చు. సెలవు వారం ఉంటే ఇదీ కలుపుకోండి.

తిరుగు ప్రయాణానికి నరసాపురమే మంచి స్టేషన్. బండి బయల్దేరే చోటు కాబట్టి తొందర లేదు, బ్రేక్ వ్యాన్ దగ్గర తాపీగా పని చేయించుకోవచ్చు. గుడివాడ మీదుగా విజయవాడ పోయే బండి ఎక్కినా, తణుకు మీదుగా నిడదవోలు పోయి అక్కడ గూడెం, ఏలూరు వైపు మారినా గొలుసు పూర్తవుతుంది. బండి కోసం చూస్తున్నంతసేపూ ఊళ్లోకి పోయి లేసు అల్లే ఆడవాళ్ల పనితనం చూసి రండి. సన్నటి సూదీ దారంతో వాళ్లు చేసే పని చేతిలోకి తీసుకుని చూస్తే గానీ నమ్మబుద్ధి కాదు.

రైల్వేవాళ్లకు ఒక మాట. ఈ గొలుసు మీద తిరిగే పాసింజర్లలోనూ మెములలోనూ పాలక్యాన్లకూ, కూరగాయల గంపలకూ, చేపల బుట్టలకూ ఎలాగూ చోటు దొరుకుతోంది. ఆ బండ్లలో ఒక బోగీ చివర నాలుగు సీట్లు తీసి, గోడకు నాలుగు కొక్కేలు బిగించి, సైకిల్‌కు ఒక టికెట్ పెట్టండి, ఎంతైనా కడతాం. ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు, భీమవరం, నరసాపురం, ఆకివీడు, కైకలూరు, గుడివాడ స్టేషన్లలో ఎక్కడానికీ దిగడానికీ వీలుంటే చాలు. వాడేది ఊరు చూడటానికి వచ్చినవాళ్లు మాత్రమే కాదు. ఆకివీడు నుంచి భీమవరం కాలేజీకి పోయే అమ్మాయి, గూడెంలో దిగి మార్కెట్‌కు నడిచి పోయే కూలీ, ఏలూరు పవర్‌పేటలో దిగి ఇంకో మూడు కిలోమీటర్లు పోవాల్సిన గుమాస్తా, వీళ్లంతా రోజూ ఆ కొక్కేలకు సైకిళ్లు తగిలిస్తారు.